బట్ట కంటే ముందు బొమ్మ

(సంఘ వార్షిక సభలో కుట్టు శిక్షణ ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



కుట్టు క్లాసు సంగతులు నాలుగు మాటలు చెప్పమని అధ్యక్షులవారు ఆజ్ఞాపించారు. ఎన్ని జాకెట్లు కుట్టాం, ఎన్ని మిషన్లు రిపేరుకు వెళ్ళాయి అనే లెక్కలు కార్యదర్శిగారి నివేదికలో ఉన్నాయి కనుక వాటి జోలికి పోము. ఈ ఏడాది మా ఉపసంఘంలో తగాదా అయిన విషయం ఒకటి ఉంది. దాన్నే మీ ముందు పెట్టదలచాము. తగాదా అన్నామని కంగారుపడకండి, కేకలు వేసుకున్నాం గాని కొట్టుకోలేదు.

సంగతేమిటంటే, కుట్టు క్లాసుకని ఒక దాత ఇచ్చిన సొమ్ముతో ఇంకో నాలుగు మిషన్లు కొనాలా, లేక ఒక కంప్యూటరు, దాని మీద బొమ్మలు గీయడానికి ఒక పెన్ను పలక కొనాలా అని. మాలో ఎక్కువమంది మిషన్లే అన్నాం. నిజం ఒప్పుకోవాలంటే, ఇవాళ ఇక్కడ నిలబడి ఈ మాటలు చెబుతున్న మేమే గట్టిగా వద్దన్నాం. మిషను అన్నం పెడుతుంది, బొమ్మ ఏం పెడుతుంది అన్నది మా వాదన. ఆ వాదన తప్పని మాకు తెలియజేసింది మన క్లాసులోనే మగ్గం వర్కు నేర్చుకుని ఇంట్లో పని చేసుకుంటున్న ఒక అమ్మాయి. పేరు చెప్పము.

ఆ అమ్మాయి ఒక దుకాణానికి పీసు లెక్కన పనిచేసేది. ఒక పెళ్ళి జాకెట్టు మెడకు తనే డిజైను ఆలోచించి, ట్రేసింగు కాగితం మీద గీసి, సూదితో చిల్లులు పొడిచి ఖాకా తయారుచేసుకుని, పని పూర్తిచేసి ఇచ్చింది. దుకాణంవారు జాకెట్టుతోపాటు ఖాకా కాగితాన్ని కూడా అడిగి తీసుకున్నారు. మామూలే గదా అని ఇచ్చేసింది. రెండు నెలలు తిరిగేసరికి అదే మెడ, అదే పువ్వు, అదే తీగ వంపు ఇంకో ఐదారుగురు పనివాళ్ళ మగ్గాల మీద కనిపించింది. ఈమెకు ముట్టింది మాత్రం ఒక్క జాకెట్టు కూలి. వెళ్ళి అడిగితే, "కూలి ఇచ్చాం గదమ్మా" అన్నారు. వాళ్ళు అన్నది అబద్ధం కాదు. కూలి ఇచ్చారు, అయితే సూది పట్టిన చేతికి ఇచ్చారు. ఆ పువ్వును ఊహించిన తలకాయకు ఎవరూ ఏమీ ఇవ్వలేదు.

ఆ సాయంత్రం వాళ్ళ అమ్మీ మా దగ్గరకు వచ్చి ఒక మాట అడిగింది. "కాగితం పోతే పోయింది భాయ్, మళ్ళీ అదే గీయమంటే పిల్లకు అలా రావడం లేదు. ఒక కాపీ అన్నా మా దగ్గర ఉండొద్దా?" దానికి మా దగ్గర జవాబు లేదు. చివరకు రెండు మిషన్లు, ఒక వాడిన కంప్యూటరు, ఒక పెన్ను పలక అని రాజీ కుదిరింది.

ఇక అసలు విషయానికి వద్దాం. కంప్యూటరు మీద బట్టల బొమ్మ గీయడం అంటే చాలామంది ఏదో బటన్ నొక్కితే బొమ్మ దానంతట అదే వస్తుందనుకుంటున్నారు. రాదు. పెన్ను పలక మీద గీసేది చెయ్యే. గట్టిగా నొక్కితే లావు గీత, తేలికగా పట్టితే సన్న గీత పడుతుంది. మొదటి వారం రోజులు మన పిల్లలకు చెయ్యి ఒకచోట, చూపు ఇంకోచోట ఉండటం అలవాటు కాక గీతలు వంకర టింకరగా పోయాయి. మేము కూడా ఒకసారి ప్రయత్నించాము. మామిడికాయ బుట్టీ గీయబోతే వంకాయ వచ్చింది.

పెన్నుతో బట్ట అందం చెప్పడం మనకు కొత్తదేమీ కాదు గదా. కలంకారీ అనే మాటలో ఉన్నది పారసీ కలమే. మచిలీపట్నం, పెడన అద్దకాల్లో కనిపించే తీగలు, పూలు చాలావరకు ఆ పారసీ సంపర్కం నుంచి వచ్చినవే. అవతల యూరపులో చాలాకాలం ఫ్యాషన్ పత్రికలన్నీ చేతి బొమ్మలతోనే నడిచాయి. వోగ్ పత్రిక అట్టమీద రంగుల ఫోటో మొదటిసారి వచ్చింది 1932లో. ఫోటోలు వచ్చాక బొమ్మలు గీసేవారికి గిరాకీ తగ్గింది. అయితే కుట్టని బట్టకు ఫోటో తీయలేరు గదా! కనుక కుట్టే ముందు గీసే బొమ్మ అవసరం ఎక్కడా పోలేదు. అమెరికాలో థామస్ నోల్, జాన్ నోల్ అనే అన్నదమ్ములు తయారుచేసిన ఫోటోషాప్ 1990లో బజారుకు వచ్చింది. 1994లో దానికి లేయర్లు, అనగా పొరలు, కలిశాయి. మన పనికి ఆ పొరలే ప్రాణం. అదెలాగో ఒక ఉదాహరణతో చెబుతాము.

హైదరాబాదు పెళ్ళికూతురి ఖడా దుపట్టా అందరూ చూసిందే. లోపల చోళీ, కింద చుడీదారు, పైన లోపలి చోళీ కనిపించేంత పలుచని కుర్తా, ఆ పైన ఆరు గజాల దుపట్టా, దాని అంచుకు కార్చోబీ పని, మెడలో చింతాకు, సత్‌లడా. దీన్ని కాగితం మీద రంగులతో వేయాలంటే ఎంత తంటా! పలుచని కుర్తా వెనక చోళీ కనిపించాలి, కుర్తా ముందు దుపట్టా కుచ్చిళ్ళు నిలబడాలి. ఒకచోట రంగు జారితే మొత్తం మళ్ళీ మొదలు. అదే కంప్యూటరు మీదైతే, పెళ్ళికూతురు ఏ వరుసలో బట్టలు వేసుకుంటుందో అదే వరుసలో గీస్తాము. అన్నిటికంటే అడుగున పెన్సిలు గీతలాంటి ఆకారం. దానిపై చోళీ ఒక పొర. చుడీదారు ఒక పొర. కుర్తా ఒక పొర, దాని గాఢతను సగానికి తగ్గిస్తే లోపలి చోళీ పలుచని జాలీలోంచి కనిపించినట్టే కనిపిస్తుంది. దుపట్టా ఇంకో పొర, అంచు పని మరో పొర, నగలు అన్నిటికంటే పైన. గాజు పలకల మీద విడివిడిగా గీసి ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు అనుకోండి.

ఇప్పుడు పెళ్ళికూతురి ఫుప్పూ వచ్చి, "ఈ ఎరుపు వద్దు, ఆకుపచ్చ అయితే బాగుంటుంది" అన్నది. ఫుప్పూలు అంటారు. అప్పుడు కుర్తా పొర ఒక్కదాని రంగు మారిస్తే చాలు, నగలు, అంచు, కుచ్చిళ్ళు కదలవు. ఆమె కాఫీ తాగే లోపల మూడు రంగులు చూపించవచ్చు. ఇంతకుముందు ఇదే మాట మనకు ఎప్పుడు తెలిసేది? బట్ట కోసిన తర్వాత, ఒక్కోసారి సగం మగ్గం పని అయిన తర్వాత. ఆ నష్టం ఎవరి నెత్తిన పడేదో ఇక్కడ కూర్చున్న తల్లులకు మేము చెప్పనక్కరలేదు.

ముడతల నీడలకు మల్టిప్లై అనే పద్ధతి ఉంది. రెండు రంగు గాజు కాగితాలు ఒకదానిపై ఒకటి పెడితే కలిసినచోట ముదురుగా కనిపిస్తుంది గదా, అదే తీరు. బట్ట రంగు పొర మీద బూడిదరంగు నీడల పొర పెట్టి మల్టిప్లై చేస్తే, కింద ఎరుపు ఉంటే ముదురు ఎరుపు నీడ, ఆకుపచ్చ ఉంటే ముదురు ఆకుపచ్చ నీడ పడుతుంది. నల్లరంగుతో నీడలు వేస్తే మాత్రం బట్ట మసి అంటినట్టు ఉంటుంది. మొదట్లో మన పిల్లలు వేసిన బొమ్మలన్నీ పొయ్యి దగ్గర ఆరేసినవిగానే ఉండేవి.

నిజమైన బట్టను ఫోటో తీసి కూడా బొమ్మలోకి తేవచ్చు. కమీజు ఆకారం వరకే ఆ గుడ్డ కనిపించేలా కత్తిరించి నిలుపుతుంది కంప్యూటరు, దీన్ని క్లిప్పింగ్ మాస్క్ అంటారు. ఇక్కడొక పొరపాటు అందరూ చేస్తారు. ఫోటోలోని పువ్వులు బల్లమీద పరిచిన గుడ్డలా చదునుగానే ఉండిపోతాయి, ముడత పడినచోట వంగవు. చూసేవాళ్ళకు ఏదో తేడాగా ఉంటుంది గాని అదేమిటో చెప్పలేరు. ముడత వెంట ఆ గుడ్డను కొంచెం వంచాలి. ఇంకొకటి, పువ్వు కొలత. అసలు గుడ్డలో బెత్తెడు ఉన్న పువ్వు బొమ్మలో నడుమంతా ఆక్రమించిందంటే కొనేవారిని మోసం చేసినట్టే.

జరీకి, ముఖమలుకు రంగు పట్టుకోవడం నేర్పడానికి మాకు నెల పట్టింది. బంగారు రంగు అని ఒకే రంగు డబ్బాలో దొరకదు. ముదురు గోధుమ, ఆవపిండి పసుపు, లేత పసుపు, చివర ఒక్క తెల్ల చుక్క, ఇవి పక్కపక్కన పడితేనే కన్ను దాన్ని జరీ అని ఒప్పుకుంటుంది. పట్టులో వెలుగు పదునుగా ఒక గీతలా మెరుస్తుంది. ముఖమలు దానికి వ్యతిరేకం, ఎదురుగా చూస్తే నడుమ చీకటి, అంచుల్లో వెలుగు. ఇది పుస్తకం చూసి చెప్పడం కంటే, ఒక ముఖమలు ముక్కను కిటికీ దగ్గర పట్టుకుని తిప్పి చూపిస్తే పిల్లలు వెంటనే పట్టుకున్నారు. కుట్టుపని తెలిసిన పిల్లలకు ఈ బొమ్మలు త్వరగా వస్తున్నాయి. బట్టను చేత్తో పట్టనివారు గీసిన బొమ్మల్లో చేతిని ఎక్కడ దూర్చాలో, కుట్టు ఎక్కడ వస్తుందో తెలియని డ్రెస్సులు కనిపిస్తాయి.

ఫ్యాషన్ బొమ్మల్లో మరో మాయ ఉంది, అది కూడా చెప్పాలి. మనిషి ఎత్తు సాధారణంగా తన తల కొలతకు ఏడు, ఏడున్నర రెట్లుంటుంది. ఫ్యాషన్ బొమ్మను తొమ్మిది తలల ఎత్తు గీయడం ఆనవాయితీ. పెంచినదంతా దాదాపు కాళ్ళలోనే. పత్రికకు అందంగా ఉంటుంది సరే, ఒక వలీమా డ్రెస్సుకు మేము ఈ లెక్కనే బొమ్మ చూపించాము. డ్రెస్సు కొలతల ప్రకారమే కుట్టారు, కుట్టులో తప్పు లేదు. వేసుకున్న అమ్మాయి అద్దంలో చూసుకుని, "బొమ్మలో ఇలా లేదే" అన్నది. ఆమె అన్నది న్యాయం. ఇళ్ళ నుంచి వచ్చే ఆర్డర్లకు ఇప్పుడు ఏడున్నర తలల బొమ్మే గీయిస్తున్నాము.

మగ్గం పనికి కావలసింది ఇంకో తరహా బొమ్మ. ఫోటోషాప్ వంటివాటిలో బొమ్మ చిన్న చిన్న చుక్కలతో తయారవుతుంది. పెద్దది చేస్తే చుక్కలు బయటపడి అంచులు మెట్లు మెట్లుగా కనిపిస్తాయి. ఇంక్‌స్కేప్, ఇల్లస్ట్రేటర్ వంటివాటిలో గీత ఒక లెక్కగా నిలుస్తుంది, ఎంత పెంచినా చెడదు. ఆ వంపు గీతలకు బెజియే గీతలని పేరు. పియర్ బెజియే ఫ్రాన్సులో రెనో కార్ల కంపెనీ ఇంజనీరు. 1960లలో కారు బాడీ వంపుల కోసం ఆయన వాడిన పద్ధతి ఇవాళ మన జాకెట్టు మెడ మీది తీగకు పనికివస్తున్నది! మెడ డిజైను సగమే గీస్తే చాలు, రెండో సగం అద్దంలో ప్రతిబింబంలా వచ్చేస్తుంది. కాగితం మడిచి, రెండోవైపు రుద్ది, ఒకవైపు పువ్వు లావుగా ఇంకోవైపు సన్నగా వచ్చే బాధ లేదు. అసలు కొలతలో ప్రింటు తీసి, ఎప్పటిలాగే సూదితో చిల్లులు పొడిచి, కిరోసిన్‌లో కలిపిన పొడి రుద్దుకోవడమే. ఖాకా పోయినా, దుకాణంవారు అడిగి తీసుకున్నా, ఇంకొకటి ప్రింటు తీసుకోవచ్చు.

ప్రింటు దగ్గర మేము చేసిన తప్పు మీరు చేయకండి. ఏ4 కాగితం 210 మిల్లీమీటర్ల వెడల్పు, 297 పొడవు. పది అంగుళాల లోతున్న వీపు మెడ సగం బొమ్మ దాని మీద చక్కగా పడుతుంది. అయితే ప్రింటరు దగ్గర పేజీకి సరిపెట్టమనే గుర్తు ఉండిపోయింది. అది చెప్పకుండా బొమ్మను కొంచెం కుదించింది. పది అంగుళాలు తొమ్మిదిన్నర అయింది. మగ్గం మీద పని సగం పూర్తయ్యాక గాని తెలియలేదు. ఆ జాకెట్టు బట్ట డబ్బు ఉపసంఘమే కట్టింది, లెక్కల్లో "ఇతర ఖర్చులు" అని కనిపించేది అదే. ఇప్పుడు ప్రతి డిజైను పక్కన ఒక అంగుళం గీత గీయిస్తున్నాము. ప్రింటు వచ్చాక ముందు దానిమీద టేపు పెట్టి చూస్తారు.

ఇళ్ళ నుంచి వచ్చిన ప్రశ్నల్లో ముఖ్యమైనది ఒకటుంది. బొమ్మకు ముఖం గీయడం తగునా అని కొందరు పెద్దలు అడిగారు. ఈ విషయంలో తీర్పు చెప్పేంత వాళ్ళం మేము కాము, అది ఉలమాలను అడిగి తెలుసుకోవలసినది. మా పని వరకు చెప్పగలిగింది ఏమంటే, ఫ్యాషన్ బొమ్మల్లో ముఖాన్ని ఖాళీగా వదిలేయడం ఆ వృత్తిలో ఉన్న అలవాటే. అదిగాక ఫ్లాట్ అని ఒక రకం బొమ్మ ఉంది. అందులో మనిషే ఉండదు, నేలమీద పరిచిన డ్రెస్సు ముందు వెనకలు, కుట్లు, గుండీలు, కొలతలు మాత్రమే ఉంటాయి. ఫ్యాక్టరీల్లో కుట్టేవారికి పంపేది అదే. కనుక ఏ ఇంటి అభ్యంతరమూ పిల్లల పనికి అడ్డు రాదు. పైగా, తన డిజైను చూపించడానికి పిల్ల తానే వేసుకుని ఫోటో దిగి ఫోనులో పంపనక్కరలేదు. ఈ మాట విన్నాక ఇద్దరు తండ్రులు వాళ్ళంతట వాళ్ళే పిల్లల్ని తెచ్చి చేర్పించారు.

ఈమధ్య కొందరు ఖాతాదారులు, నాలుగు మాటలు రాస్తే కంప్యూటరే తయారుచేసిచ్చే బొమ్మల్ని ఫోనులో తెచ్చి ఇలాగే కావాలంటున్నారు. చూడటానికి కళ్ళు చెదురుతాయి. దగ్గరగా చూస్తే తీగ ఎక్కడ మొదలైందో ఎక్కడ పోయిందో తెలియదు, ఒక చేతికి ఉన్న పని రెండో చేతికి ఉండదు. అలాంటి బొమ్మ వచ్చినప్పుడు కాదనకుండా, దాన్ని చూసి కుట్టగలిగినది మళ్ళీ గీసి చూపించి, ఆ గీసినదానికి వేరే డబ్బు అడగమని పిల్లలకు చెప్పాము. అడగడానికి ఇంకా సిగ్గుపడుతున్నారు.

ఆ డబ్బు సంగతే అసలు సంగతి గనుక, చట్టం గురించి కొంచెం. సొంతంగా గీసిన బొమ్మకు 1957 కాపీరైటు చట్టం రక్షణ ఇస్తుంది. అయితే అదే చట్టంలో ఒక మెలిక ఉంది. 2000 డిజైన్ల చట్టం కింద రిజిస్టరు చేయదగిన డిజైనును రిజిస్టరు చేయకుండా, దాని ప్రకారం యజమానిగాని, ఆయన అనుమతితో ఇంకొకరుగాని యంత్ర పద్ధతిలో యాభైకి మించి వస్తువులు తయారుచేస్తే, ఆ డిజైను మీద కాపీరైటు పోతుంది. రిజిస్టరు చేస్తే పదేళ్ళు, మరో అయిదేళ్ళు పొడిగించుకోవచ్చు. రిజిస్టరు చేయాలంటే డిజైను కొత్తదై ఉండాలి, ముందే ఎక్కడా బయటపెట్టి ఉండకూడదు. గీసిన వెంటనే మురిపెంగా వాట్సాప్ స్టేటస్‌లో పెట్టేవారు ఇది గమనించాలి. ఒక పెళ్ళికి ఒక డ్రెస్సు చేసేవారికి ఈ చిక్కంతా అవసరం లేదు. పెద్ద దుకాణానికి డిజైను ఇస్తున్నవారు మాత్రం ముందు మన సంఘంలోని వకీలు సాహెబులను అడగండి, ఉచితంగా చెబుతామని మాట ఇచ్చారు.

చట్టం దాకా వెళ్ళకముందే చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. పొరలు విడివిడిగా ఉన్న అసలు ఫైలు ఎవరికీ ఇవ్వకూడదు. చూడటానికి పంపేది పొరలన్నీ కలిపేసిన చిన్న బొమ్మ అయి ఉండాలి, అడ్డంగా పేరు రాసి ఉండాలి. ఫోనులో చూడటానికి వెయ్యి చుక్కల వెడల్పు చాలు. అసలైనది ఏ4 కొలతలో అంగుళానికి 300 చుక్కల చొప్పున 2480 వెడల్పు, 3508 పొడవు ఉంటుంది, అది బేరం కుదిరాకే. డిజైనుకు ఇంత, పనికి ఇంత అని రెండు లెక్కలు విడిగా రాయాలి.

సాఫ్ట్‌వేరు ఖరీదు గురించి భయపడుతున్నారు. ఫోటోషాపుకు చందా కట్టాలి, కొత్త వెర్షన్లను ఒకేసారి కొనుక్కునే పద్ధతి 2013లో ఆపేశారు. బజారులో దొంగ కాపీ ఎక్కించి ఇస్తామన్నవాళ్ళు ఉన్నారు. మన డిజైను దొంగిలించారని ఏడుస్తూ మనం దొంగ కాపీ వాడటం ఏం బాగుంటుంది? వద్దన్నాం. రంగుల బొమ్మలకు క్రిటా, మగ్గం గీతలకు ఇంక్‌స్కేప్, ఫోటోలు సరిచేయడానికి గింప్ వాడుతున్నాము. మూడూ ఉచితం, చట్టబద్ధం. గింప్‌ను బర్కిలీలో చదువుకుంటున్న ఇద్దరు విద్యార్థులు తయారుచేసి 1996లో విడుదల చేశారు. ఇంట్లో కంప్యూటరు లేని పిల్లలు ఫోనులోనే ఐబిస్ పెయింట్ వంటివాటిలో గీస్తున్నారు. పొరలు అందులోనూ ఉన్నాయి, చిన్న తెర మీద కళ్ళు మాత్రం నొప్పి పుడతాయి.

ఇప్పుడు ఒకే పెన్ను పలక ఉంది, తొమ్మిదిమంది పిల్లలు ఉన్నారు. జొహర్ తర్వాత అసర్ దాకా వంతులవారీగా నడుపుతున్నాము. తల్లులు వచ్చి పక్కన కూర్చోవచ్చు, ఇద్దరు ముగ్గురు వచ్చి కూర్చుని ఇప్పుడు తామే గీస్తున్నారు కూడా. ఇంకో రెండు పలకలు కావాలని అధ్యక్షులవారికి ఈ వేదిక మీద నుంచే మనవి చేసుకుంటున్నాము. ఈసారి మేము అడ్డం చెప్పము.

మొదట చెప్పిన ఆ అమ్మాయి పోయిన డిజైనును మళ్ళీ గీయలేకపోయింది. దాని బదులు వేరేది గీసింది, దానిమ్మ మొగ్గలతో. రంజాన్ ముందు ఒక కుటుంబం దాన్ని ఎంచుకుంది, డిజైనుకు విడిగా డబ్బు ఇచ్చింది. ఎంత అని అడగకండి, వాళ్ళ అమ్మీ చెప్పవద్దన్నది. ఆ బొమ్మ, ఇంకా మన పిల్లలు గీసినవి పన్నెండు, వరండా గోడకు తగిలించి ఉన్నాయి. భోజనాలకు వెళ్ళేటప్పుడు చూడండి. వరుసలో మూడో బొమ్మలో దుపట్టా ఎడమ భుజం మీద తప్పుగా నిలబడిందని మాకు అనుమానం. ఖడా దుపట్టా కట్టడం తెలిసిన పెద్దమ్మలు ఎవరైనా చూసి చెబితే, ఆ పొర ఒక్కటీ సరిచేస్తాము.

వస్సలాం.